చాదస్తమా? వ్యాధియా?

పరిహాసము సంస్కర్త చేతిలో పదునైన పనిముట్టు. ఆంధ్రదేశమున దానిని వాడ నేర్పినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919). ప్రహసనములు వ్రాసియు, పత్రికలు నడపియు, శాస్త్రముల పేర జరుగుచుండిన అక్రమములను వారు నవ్వులపాలు చేసిరి. ఆ తరువాత మన నాటకములును, కథలును, చలనచిత్రములును ఆ త్రోవనే నడచినవి. మడికట్టుకొని యెవరిని తాకనీయని ముసలమ్మ, వేసిన తాళమును పదిసారులు లాగిచూచు గుమాస్తా, పట్టిన నీళ్లను పారబోసి మరల పట్టుకొను గృహిణి — వీరు మన హాస్యమునకు నిత్యపాత్రములు. వీరందఱకును కలిపి మనము పెట్టిన పేరు చాదస్తము. ఆ పేరు ఎవరికి తగును, ఎవరికి తగదు అను విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

చాదస్తమను మాట ఛాందసమునుండి వచ్చినది. ఛందస్సనగా వేదము, వేదమును వల్లెవేయువాడు ఛాందసుడు. కాలముతో పనిలేక అక్షరమును పట్టుకొని వ్రేలాడువాడను నిందార్థము క్రమముగా దానికి అంటుకొన్నది. ఈ నిందలో మూడు ఆరోపణలు దాగియున్నవి. ఛాందసుడు తాను చేయునది సరియేయని నమ్మును. లోకమే దారి తప్పినదని తలచును. మానదలచినచో మానగలడు గాని మానడు. ఈ మూడును నిజమైనచో పరిహాసము న్యాయమే. కాని మూడును తలక్రిందులైన మనుష్యుడొకడు గలడు. తాను చేయుచున్నది అర్థరహితమని అతడెఱుగును. లోకము సరిగానే యున్నదనియు, తానే చెడితిననియు కుములును. మానవలెనని ప్రతిదినము యత్నించియు మానలేకపోవును. అతనికిని మనమా పేరే పెట్టితిమి.

వైద్యులు ఈ స్థితిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు. జనులు పొడియక్షరములలో ఓసీడీ యనుచున్నారు. దీనిలో రెండు భాగములు గలవు. మొదటిది తలపు: పిలువకుండ వచ్చునది, పొమ్మన్న పోనిది, తలచినవానికే రోతను భయమును పుట్టించునది. రెండవది చేత: ఆ భయమును అణచుటకై చేయక తీఱని పని. కడుగుట, చూచుట, లెక్కించుట, సర్దుట, ఒకే ప్రశ్న మరల మరల అడుగుట, మనస్సులో నామమును ఇన్ని మారులని జపించుట — ఇవన్నియు చేతలే. చేత పూర్తియైన క్షణమున కొంచెము ఊరట కలుగును. ఆ ఊరటయే ఉరి. చేయుట వలననే ఆపద తప్పినదని మనస్సు నేర్చుకొనును. కాబట్టి మరునాడు తలపు మఱింత బలముతో వచ్చును, చేత మఱింత పొడుగగును.

దీని స్వభావమును ఒక్క మాటలో చెప్పవలెనన్న, తెలుగులో ఆ మాట సిద్ధముగానే యున్నది. అది 'చాలు'. మనము చేతులు కడుగుకొందుము. ఎక్కడనో ఒక యెఱుక 'ఇక చాలు' అనును. మనము కుళాయి కట్టివేయుదుము. ఆ యెఱుక ఎంత చిన్నదో, దాని మీద మన బ్రతుకంతయు ఎట్లు నిలిచియున్నదో మనమెన్నడును తలపము. ఈ వ్యాధిగలవానికి కన్ను చెప్పును, చేయి చెప్పును, బుద్ధియు చెప్పును. కాని 'చాలు' అను మాట మాత్రము రాదు. అతడు శుభ్రతను ప్రేమించి కడుగుట లేదు. ఆ మాట కొఱకు వేచియుండి కడుగుచున్నాడు. చర్మము చిట్లి నెత్తురు వచ్చినను అది రాదు. 'అనుమానము పెనుభూతము' అని మనవారు సామెత చెప్పిరి. భూతమును వదలించు మంత్రమే దానికి ఆహారమగునని ఆ సామెతకు ఒక తోక చేర్చినచో వ్యాధి లక్షణము పూర్తియగును.

తెలుగు ఇండ్లలోనికి ఓసీడీ యను పేరును తెచ్చినది, నేనెఱిగినంతలో, వైద్యుల కంటె ఒక చలనచిత్రమే యనవచ్చును. 2017వ సంవత్సరమున దసరాకు విడుదలైన 'మహానుభావుడు'లో శర్వానంద్ గారి కథానాయకపాత్రము ఈ వ్యాధిగలదిగా చూపబడినది. దర్శకులు మారుతిగారు అంతకు రెండేండ్ల ముందు 'భలే భలే మగాడివోయ్' అను చిత్రమున మతిమఱపు నాయకునితో నవ్వించినవారు. మనుష్యుని లోపమును తీసికొని, దానిని ప్రేమకు అడ్డుపెట్టి, హాస్యము పండించుట వారికి అలవడిన విద్య. చిత్రము జనాదరణము పొందినది. ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడదగినంత మర్యాదగలది. దానిని తెగనాడుట నా యుద్దేశము గాదు. పేరు తెచ్చి బాధను తేలేదని మాత్రము నా విమర్శ.

ఆ విమర్శకు మూడు కారణములు చెప్పెదను. ఒకటి: చిత్రము చేతను చూపినది, తలపును చూపలేదు. తుడుచుట, కడుగుట, వెనుకకు గంతువేయుట తెఱమీద మిక్కిలి చక్కగా కనబడును. దాని వెనుకనున్న వెఱపు కనబడదు. వెఱపు లేని చేత కోతియాటవలెనుండును గనుక నవ్వు వచ్చును. రెండు: నాయకునికి తన శుభ్రత గర్వకారణముగా తోచును, అందఱును తనవలె నుండవలెనని అతని మతము. ఇట్టివారు లోకమున గలరు, కాని వారు వేఱు. నిజముగా ఈ వ్యాధి పట్టినవాడు తన చేతలను దాచును. స్నానపు గదిలో గంటసేపు నీళ్ల చప్పుడు వినబడకుండ కుళాయి సన్నగా విప్పును. మూడు: ప్రేమ కొఱకు నాయకుడు పల్లెలో అడుగిడి, బురదకును చెమటకును ఓర్చి, కుస్తీ బరిలో దిగి మాఱును. చూచువారికి ఇది తృప్తికరము. కాని దీనిలో నొక కఱకు తీర్పు గలదు: ప్రేమయు పౌరుషమును ఉన్నవాడు మాఱునట, అట్లయినచో మాఱనివానికి అవి లేవనియే కదా! ఇంట ఒక కొడుకో కూతురో ఈ బాధ పడుచుండగా ఈ చిత్రము చూచిన తలిదండ్రులు, 'చూచితివా, అతడు మానలేదా?' అని అడిగినచో, ఆ బిడ్డ యేమి సమాధానము చెప్పవలెను?

దీనితో పోల్చదగినది 2004లో వచ్చిన 'ది ఏవియేటర్' అను అమెరికా చిత్రము. విమానములు నిర్మించి కోటికి పడగలెత్తిన హోవర్డ్ హ్యూస్ అందు నాయకుడు. ఒక ఘట్టమున అతడు చేతులు కడుగుకొని తలుపు దగ్గర నిలిచిపోవును; పిడిని తాకలేడు. ఎవరైన వచ్చి తలుపు తీసినచో జారుకొని బయటపడవలెనని కాచుకొనియుండును. ఆకాశమును జయించినవాడు తలుపు గడియను జయింపలేకపోవుట చూచి ఎవ్వరును నవ్వలేరు. ఏలయన అప్పుడు మనము అతనిని చూచుట లేదు. అతని కన్నులతో తలుపును చూచుచున్నాము. హాస్యమునకును అవగాహనకును గల భేదమంతయు ఇచ్చటనే యున్నది.

మఱియొక అన్యాయము గలదు. శుభ్రతయే ఈ వ్యాధియని మన హాస్యము నేర్పుటచేత, తక్కిన రూపములు మఱుగున పడినవి. మన ప్రాంతముననే ఇవి ఎట్లుండునో ఊహింపుడు. ఏలూరునుండి కైకలూరు పోవు దారిలో రాత్రివేళ మోటారు బండి గుంటలో పడి కుదిలినది. నడపువానికి 'మనిషిని త్రొక్కితినేమో' అను తలపు పుట్టును, వెనుకకు పోయి చూచును, ఎవరును లేరు, కొంత దూరము వచ్చిన పిమ్మట 'చూచినప్పుడు చేపలచెఱువు గట్టు క్రింద పడియుండెనేమో' అని మరల పోవును. తాడేపల్లిగూడెమున బియ్యపుమర గుమాస్తా బస్తాల లెక్క సరిపోయినను, సరిపోయినదను నమ్మకము సరిపోక, దీపములార్పినను ఇంటికి పోడు. ఆ పట్టణముననే 2015 నుండి నడచుచున్న జాతీయ సాంకేతిక విద్యాలయమువంటి చోట చదువుకొను పిల్లవాడు ఒక్క పంక్తినే ఇరువదిసారులు చదువును. సరిగా చదివితినను ఎఱుక కలుగకపోవుటే కారణము. ఈ వ్యాధి సాధారణముగా తలయెత్తునది కూడ ఆ ప్రాయముననే.

ఇంతకంటెను దారుణమైనవి గలవు. ద్వారకాతిరుమల కొండ మీద సన్నిధిలో చేతులు జోడించిన భక్తురాలికి దేవుని గూర్చి నోట పలుకరాని తలపు వచ్చును. పసిబిడ్డను ప్రక్కలో పెట్టుకొన్న బాలెంతకు, కత్తిపీట కంటబడగానే, 'నా చేతితో నేనే బిడ్డకేమైన చేయుదునేమో' అను చిత్రము మెఱయును. ఆమె కత్తిపీటను దాచివేయును. పిమ్మట బిడ్డను ఎత్తుకొనుటయే మానును. ఇంటివారు ఆమెను కఠినురాలందురు. ఆమె భయమంతయు ప్రేమనుండి పుట్టినదని చెప్పువారుండరు. ఇట్టి తలపులు రోగులకే గాక ఆరోగ్యవంతులకును వచ్చుచుండునని రాఖ్‌మన్, డిసిల్వా అను పండితులు 1978లోనే ప్రకటించిరి. మనకు వచ్చిన పాడు తలపు వచ్చిన దారినే పోవును. ఈ వ్యాధిగలవారు మాత్రము ఆ తలపును తమ స్వభావమునకు సాక్ష్యముగా గైకొని, తమ్ముతామే విచారించి, శిక్ష వేసికొందురు. తలపు కోరిక గాదు. తలచుట చేయుట గాదు. ఈ చిన్న సత్యము తెలియక ఎందఱు తల్లులు నోరువిప్పక క్రుంగుచున్నారో!

'మా ప్రాంతమున నీటికి భయపడుటలో తప్పేమి?' అని ఏలూరివారు అడుగవచ్చును. అడుగదగినదే. 2020 డిసెంబరులో ఏలూరి వీధులలో జనులు ఉన్నట్లుండి మూర్ఛిల్లి పడిపోయిరి. కొన్ని దినములలో 500 మందికి పైగా ఆస్పత్రి పాలైరి. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెననియు, పురుగుమందుల శేషములు ప్రధానహేతువై యుండవచ్చుననియు పరీక్షించిన నిపుణులు చెప్పిరి. కొల్లేటి మాట చెప్పనక్కఱలేదు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడిన ఆ సరస్సు, చేపలచెఱువులకును, బుడమేరు తమ్మిలేరులు మోసికొనివచ్చు మురికికిని లోబడినది. లంకగ్రామములవారు త్రాగునీటిని కొనుక్కొనుచున్నారు. కరోనా మహమ్మారి కాలమున లోకమంతయు చేతులు కడుగుకొన్నది. ఇవి భయములే, కాని జాగ్రత్తలు. జాగ్రత్తకు హేతువు బయటనుండును, హద్దు ఉండును, హేతువు తొలగినప్పుడు తానును తొలగును. నీటిని కాచుడన్నచో కాచి త్రాగుదుము. కాచిన నీరు 'నిజముగా కాగినదా' అని రాత్రియంతయు పొయ్యి దగ్గర కూర్చుండము. వ్యాధికి బయటి హేతువు నెపము మాత్రమే. నెపము పోయినచో మఱియొకదానిని వెదకుకొనును. కాబట్టి 'నీళ్లు మంచివే' అని రుజువు చూపి ఈ రోగిని ఒప్పింపజూచుట వృథా. నీళ్లు మంచివని అతనికి తొంబదితొమ్మిది పాళ్లు తెలుసును. మిగిలిన ఒక్క పాలే అతని చెఱసాల.

గృహస్థులు ముఖ్యముగా తెలియవలసినది ఇక్కడనే యున్నది. ఇంటిలో ఒకరికి ఈ వ్యాధియున్నచో ఇల్లంతయు దానికి కొలువు చేయును. 'తలుపు వేసినావా, అమ్మా?' అని కొడుకు అడుగును. తల్లి 'వేసితిని, నాయనా' అనును. పదవసారి అడిగినప్పుడును జాలిచేత అదే చెప్పును. ఇరువదవసారి విసుగుచేత కసరును. జాలియు కసరుటయు రెండును తప్పుదారులే. జాలితో చెప్పిన ప్రతి సమాధానము వ్యాధికి మేత. కసరిన ప్రతి మాట రోగికి గాయము. భార్య భయపడునని భర్త వీధి వాకిటనే బట్టలు విప్పి స్నానము చేసి లోనికి వచ్చుట, అత్తగారి కొఱకు కోడలు గిన్నెలు ముమ్మారు తోముట — ఇవన్నియు ప్రేమతో చేయునవే, కాని వ్యాధికి పన్ను కట్టుటయే. పన్ను ఏటేట పెరుగును. రోగితో కలిసి వైద్యుని సలహాపై ఈ పన్నును కొంచెము కొంచెముగా తగ్గించుటయే నిజమైన సాయము.

ఇప్పుడు సంస్కరణోద్యమపు హాస్యమునకు మరలి వత్తము. మడిని గేలిచేయుట తప్పా? కాదు. మడి, మైల యను పేర మనుష్యుని మనుష్యుడు దూరముంచిన దేశమిది. దానిపై ఎక్కుపెట్టిన పరిహాసము ధర్మ్యమే. ఎవడైన 'నాకు ఓసీడీ' అను క్రొత్త పేరు తగిలించుకొని పాత అంటరానితనమును లోనికి తెచ్చినచో ఒప్పరాదు. కులపు మడి ఇతరులను బాధించును, మడిగలవానికి గౌరవము తెచ్చును. ఈ వ్యాధి వ్యాధిగలవానినే బాధించును, అతనికి సిగ్గు తెచ్చును. మఱియు మడికి విధి గలదు: తడిబట్ట ఆఱవేయుట, వంట ముగియుట, భోజనమగుట. అంతటితో అది తీఱును. అనగా మడికి 'చాలు' గలదు. కాని మడి యను తొడుగు క్రింద ఈ వ్యాధి దాగియుండుటయు గలదు. వంగదేశమున 'శుచిబాయి' అను పేర, స్త్రీలలో, విశేషించి వితంతువులలో కనబడు శౌచపు పీడను గూర్చి కలకత్తా వైద్యురాలు అజితా చక్రవర్తి ప్రభృతులు 1975లో వ్రాసిరి. మన అగ్రహారములలో మాత్రము అట్టివారు లేకుండిరా? చదువు లేదు, సంపాదన లేదు, పునర్వివాహము లేదు. ఆమె అధికారము చెల్లు చోటు వంటింటి గడప మాత్రమే. ఆ గడప లోపల ఆమె గంటల తరబడి కడిగిన చెంబును చూచి మన ప్రహసనములు నవ్వినవి. ఆచారమును కొట్టదలచిన దెబ్బలలో కొన్ని రోగుల వీపున పడినవి. పంతులుగారి కాలమున ఈ భేదమును చూపగల వైద్యశాస్త్రము లేదు. వారిని నిందింప పనిలేదు. శాస్త్రము వచ్చిన తరువాతను భేదము చూడని మనలను నిందింపవలెను.

శాస్త్రము వట్టి పేరు పెట్టి ఊరకుండలేదు. 1966లో లండనున విక్టర్ మేయర్ అను మనస్తత్త్వవేత్త ఇద్దఱు రోగుల విషయము ప్రకటించెను. భయమును కలిగించు వస్తువును వారికి తాకించి, ఆ పిమ్మట కడుగుకొనకుండ ఆపుటయే అతడు చేసిన పని. భయము అలవలె లేచును, నిలిచును, కడుగకున్నను తానై విఱిగిపోవును. ఇది బోధచేత గాక అనుభవముచేత తెలియవలసిన విషయము. ఆ పద్ధతియే నేడు ఈ వ్యాధికి ప్రధానమైన మానసిక చికిత్సగా పెరిగినది. చిన్న భయముతో మొదలిడి, రోగి సమ్మతితో, మెట్టు మెట్టుగా, దినదినము జరుపవలెను. 'మహానుభావుడు' నాయకుని బురదలో దింపుట ఈ చికిత్సకు దగ్గఱగా వచ్చిన మాట నిజమే. కాని ఒక్క దూకులో, పదుగురి కేకల నడుమ, ఒకే దినమున జరుగునది చికిత్స గాదు. మందులును గలవు. మెదడులోని సెరొటోనిన్ అను పదార్థముపై పనిచేయు ఔషధములు చాలమందికి గుణమిచ్చును. కాని రెండు మూడు నెలలు ఓపికపట్టవలెను, వైద్యుడు చెప్పనిదే నిలుపరాదు. వ్యాధి సమూలముగా పోవునని అందఱకును వాగ్దానము చేయరాదు. బ్రతుకు తిరిగి చేతికి వచ్చునని మాత్రము అనేకులకు చెప్పవచ్చును.

ఇది అరుదైన రోగమనుకొనరాదు. బెంగుళూరి నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన 2015–16 నాటి జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము, పెద్దలలో నూటికి ఒకరికంటె కొంచెము తక్కువమందికి ఈ వ్యాధి గలదు. ఆ 12 రాష్ట్రములలో మన ఆంధ్రము లేదు. ఐనను లెక్క ఇంచుమించుగా ఇదియేయైనచో, వేయిమంది పెద్దలున్న ఒక కొల్లేటి లంకలో ఏడెనిమిదిమంది ఉండవలెను. వారు ఎక్కడ? కొందఱు తాయెత్తు కట్టించుకొనుచున్నారు, కొందఱు చాదస్తులను పేరు మోయుచున్నారు, తక్కినవారు దాచుకొనుచున్నారు. మానసిక వైద్యమనగానే 'ఎఱ్ఱగడ్డ', 'విశాఖ' అని వెక్కిరించు నోళ్లకు భయపడి గడపదాటుట లేదు. నిజమునకు ఇప్పుడు అంత దూరము పోనక్కఱలేదు. ఏలూరున ఆశ్రమ్ వైద్యకళాశాల గలదు. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు ప్రారంభమైనది. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము వైద్యమును హక్కుగా ప్రకటించినది. ఇల్లు కదలలేనివారికి 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన 'టెలి మానస్' అను ఉచిత టెలిఫోను సేవ గలదు, దాని సంఖ్య 14416, తెలుగులో మాటలాడవచ్చును.

వైద్యులు చేయవలసినది వైద్యులు చేయుదురు. సాహిత్యము చేయవలసినది మిగిలియున్నది. ఆంగ్లమున జాన్ బన్యన్ 1666లో ప్రకటించిన ఆత్మకథలో, దైవదూషణపు తలపులు తన్ను రాత్రింబవళ్లు వెంటాడిన విధము దాపఱికము లేక వ్రాసికొన్నాడు. ఆ కాలమున వ్యాధికి పేరు లేదు. ఐనను చదువరికి ఆ బాధ తెలిసిపోవును. మన తెలుగున పేరు వచ్చినది, పరిహాసము వచ్చినది. లోపలినుండి వ్రాయబడిన గ్రంథమొకటి రావలసియున్నది. వేఱొకరి వ్యాధిని వ్రాయదలచిన కథకుడు కలము పట్టుటకు ముందు ఒక్కటి అడుగుకొనవలెను: ఈ పాత్రము ఏమి చేయుచున్నదో చూపుచున్నానా, ఏల చేయుచున్నదో చూపుచున్నానా? మొదటిది మాత్రమే చూపినచో పాఠకుడు నవ్వి పుట మూయును. రెండవదియు చూపినచో, ఆ రాత్రి తన యింటిలో కుళాయి చప్పుడు ఆగకుండ వినబడినప్పుడు, కసరక, లేచిపోయి తలుపు మెల్లగా తట్టి, 'రేపు కలిసి వైద్యుని దగ్గఱకు పోదము' అని చెప్పును.